ఉమ్మీద్‌కు ఖరీదెంత?



బక్రీద్ రోజు మా ఇంట్లో నల్లీ కోసం పిల్లలు కొట్లాడుకోవడం ఎప్పుడూ ఉండేదే. నల్లీ అంటే తెలుసు కదా, మూలుగ బొక్క. పళ్ళెం అంచుకు ఠక్కు ఠక్కుమని కొడితే లోపలి గూదా జారి అన్నంలో పడుతుంది. జ్వరమొచ్చి లేచిన వాళ్ళున్నా, కాన్పయిన ఆడపిల్ల పుట్టింట్లో ఉన్నా ఆ నల్లీ వాళ్ళకే. "గూదాలో తాఖత్ ఉంటాది" అనేది అమ్మీ. అదే రోజు ఖసాయి భాయ్ ఇంకో పని కూడా చేస్తాడు. వెన్నెముక కొట్టేటప్పుడు లోపల తెల్లగా, మెత్తగా, తాడు మాదిరి ఉండేదాన్ని వేలితో లాగి పక్కన పడేస్తాడు. అది హరామ్ మగ్జ్. మా ఇళ్ళల్లో తినరు. చిన్నప్పుడు నాకు తెలిసిన శరీర శాస్త్రం అంతే. గూదా తినేది, హరామ్ మగ్జ్ పారేసేది.

తర్వాత చాలా ఏళ్ళకు, ఇంకో బక్రీద్ రోజు, జమ్మలమడుగులో మంచం మీద పడుకున్న మా ఫూఫీ కొడుకు నన్ను అడిగాడు.

"భాయ్‌జాన్, నా గూదా తీసి నా హరామ్ మగ్జ్‌లో ఎక్కిస్తారంట. బాగయితాదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ రాత ఆ జవాబు గురించే.

వాణ్ణి ఇంట్లో అందరం ఛోటూ అంటాం. ఇరవై ఆరేళ్ళు. ఇళ్ళకు కరెంటు వైరింగు పని చేసేవాడు. ఆదివారమైతే దోస్తులతో బండ్లేసుకొని గండికోటకు పోయి, అక్కడి జామియా మసీదు మెట్ల మీద కూర్చొని ఫోటోలు దిగి పంపేవాడు. ఒకరోజు రెండో అంతస్తు నుంచి ఇసుక కుప్ప పక్కన పడ్డాడు. ఇసుక మీద పడి ఉంటే ఎట్లుండేదో అల్లాహ్‌కే తెలుసు. వెన్నెముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. ప్రాణం దక్కింది, అల్హందులిల్లాహ్. కానీ బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కదలిక లేదు. మూత్రం, విరేచనం కూడా వాడి అదుపులో లేవు.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఫూఫీ రాత్రి రెండు సార్లు లేచి వాణ్ణి ఇటు అటు తిప్పేది, పడక పుండ్లు పడకుండా. ఆమెకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. అప్పుడు కువైట్‌లో ఉండే ఛోటూ అన్న ఫోన్‌కు ఒక వీడియో పంపాడు. ఒక పెద్ద సిటీలో ఒక క్లినిక్. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి కడ్డీ పట్టుకొని నిలబడతాడు, వాళ్ళమ్మ ఏడుస్తుంది, వెనక మ్యూజిక్. తుంటి ఎముక నుంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్‌ను వెన్నులోకి ఎక్కిస్తామని, చచ్చిపోయిన నరాలు తిరిగి మొలుస్తాయని అందులో చెప్పారు. మూడు దఫాలు. తొమ్మిది లక్షలు.

ఆ వీడియో ఫూఫీ ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. ప్రొద్దుటూరులో నిఖా అయినప్పుడు పెట్టిన జేవర్, అంటే కంకణాలు, చంపాకలీ, అన్నీ కలిపి ఆరు తులాలు మూట కట్టింది. ప్రొద్దుటూరు బంగారం బజారుకు ఎప్పుడు తీసుకుపోతావని నన్ను అడిగింది. మిగతాది పులివెందుల దగ్గర చీనీ తోట ఉన్న మా చిచ్చా ఒక ఎకరా అమ్మి ఇస్తానన్నాడు. అంతా సిద్ధం. ఒక్కటే బాకీ. "నువ్వు సైన్సు సారువి గదా బేటా, ఒకసారి చూసి సరే అను" అంది ఫూఫీ. నేను ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఖాందాన్ మొత్తంలో కణం అనే మాట రోజూ వాడేది నేనొక్కణ్ణే. అందుకని ఫైసలా నా నెత్తిన పడింది.

తొమ్మిదో తరగతి పాఠం ఈ ఫైసలాకు చాలదని నాకు తెలుసు. రెండు వారాలు గడువు అడిగాను. ఇషా అయ్యాక కూర్చొని చదివాను.

చదివింది మీకు చెప్తాను. మన ఇళ్ళల్లో పక్షవాతం వచ్చిన వాళ్ళున్నారు, బండి మీద నుంచి పడి నడుము పోయిన పిల్లలున్నారు. రేపు ఈ వీడియో మీ ఫోన్‌కూ వస్తుంది.

మూలుగలో నిజంగా తాఖత్ ఉంది. అమ్మీ మాట తప్పు కాదు. రక్తకణాలన్నీ పుట్టేది అక్కడే. ఒక్క తల్లి కణం నుంచి రకరకాల రక్తకణాలు పుడతాయని కెనడాలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు 1961లో చూపించారు. ఆ తల్లి కణాలనే మూలకణాలు అంటారు. ఒకరి మూలుగ ఇంకొకరికి ఎక్కించి రక్త కాన్సర్లను నయం చేసే దారి వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఆ ఇలాజ్ 1983లోనే ముంబై టాటా మెమోరియల్‌లో మొదలైంది. తలసీమియా పిల్లలకు పూర్తిగా నయమయ్యే దారుల్లో మూలుగ మార్పిడి ఒకటి. కాబట్టి ఎవరైనా "స్టెమ్ సెల్ అంతా ధోఖా" అంటే నమ్మకండి. రక్తం జబ్బులకు అది రుజువైన ఇలాజ్.

మూలుగలో ఇంకో రకం మూలకణాలు కూడా ఉంటాయి. ఎముక, మృదులాస్థి, కొవ్వు తయారుచేసేవి. వాటిని మీసెంకైమల్ కణాలు అంటారు. రష్యాలో ఫ్రీడెన్‌స్టైన్ అనే ఆయన వీటి మీద మొదట పని చేశాడు. ఛోటూకు ఎక్కిస్తామన్నది ఇటువంటి కణాలనే. 2000 ప్రాంతంలో ఈ కణాలు నాడీకణాలుగా మారిపోతాయని సైంటిస్టులు చాలామంది ఆశపడ్డారు. తర్వాత తర్వాత చూస్తే వెన్నులో, మెదడులో అవి పనికొచ్చే నాడీకణాలుగా మారుతున్నాయనడానికి గట్టి సాక్ష్యం దొరకలేదు.

మరి అవి చేసేదేమిటి? అక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. అవి నాడీకణాలుగా మారవు కానీ, దెబ్బతిన్న నాడీకణాల దగ్గర ఉంటే వాటికి హిఫాజత్ చేసే పదార్థాలు వదులుతాయి. ఇంగ్లాండులోని బ్రిస్టల్ యూనివర్సిటీలో నీల్ స్కోల్డింగ్ బృందం ఇదే పరీక్షించింది. మనిషి మూలుగ నుంచి తీసిన కణాలు బీడీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని వదులుతాయని, ల్యాబ్ గిన్నెలో విషానికి గురై చనిపోబోయే నాడీకణాలు దాని వల్ల ఎక్కువగా బతుకుతాయని 2009లో రాశారు. మరుసటి ఏడాది మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న ఆరుగురికి వాళ్ళ మూలుగే ఎక్కించి చూశారు. అది మొదటి మెట్టు, ప్రమాదం ఉందా లేదా చూడటానికి. ఆ బృందం మేం నరాలు మొలిపించాం అనలేదు. కాపాడటం కుదురుతుందేమో చూస్తున్నాం అన్నారు.

కాపాడటం, మొలిపించడం. ఈ రెండు మాటల మధ్య మా ఫూఫీ ఆరు తులాలు ఉన్నాయి.

వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పుడు రెండు సార్లు నష్టం జరుగుతుంది. మొదటిది పడిన క్షణంలో. ఎముక నొక్కుకొని, చీరుకొని కణాలు అక్కడికక్కడే పోతాయి. రెండోది ఆ తర్వాత గంటలు, రోజులు, వారాలు. వాపు వస్తుంది, రక్తం అందదు, చచ్చిన కణాల నుంచి కారిన రసాయనాలు పక్కన బాగున్న కణాలను కూడా చంపుతాయి. ఆ తర్వాత అక్కడ మచ్చ కడుతుంది. మూలుగ కణాలు ఏమన్నా మేలు చేస్తే ఎక్కువగా ఆ రెండో నష్టాన్ని తగ్గించే చోటనే చేయాలి. ఛోటూ పడి అప్పటికి పద్నాలుగు నెలలు.

ఇంత తెలిసినా నాకు నోరు రాలేదు. ముందు చిచ్చాతో మాట్లాడదామని ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాను. ఎండలు ముదిరిన కాలం. చిచ్చా తోటలోనే ఉన్నాడు. గట్టు మీద కూర్చోబెట్టి, చీనీకాయ కోసి ఇచ్చి, "చెప్పు బేటా, ఎకరా అమ్మాల్నా వద్దా? బేరం వచ్చింది" అన్నాడు. నేను బీడీఎన్ఎఫ్ అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. చిచ్చా ముఖంలో ఏమీ అర్థం కాలేదు. చివరికి తోటనే చూపించాను.

"చిచ్చా, కరువొచ్చిన ఏడు ట్యాంకర్లతో నీళ్ళు తోలించినావు గదా. ఎందుకు తోలించినావు?"

"చెట్లు బతకాలని. ఆకు ముడుసుకున్యాక పది దినాలు చూసినా. ఇంగ పోతాదనిపించినాక తోలించినా. అప్పు చేసి."

"ఆ మూల వరస ఎందుకు కొట్టేసినావు మరి?"

"అవి అప్పటికే ఎండిపోయినాయి. కొమ్మ ఇరిస్తే పుటుక్కుమనింది. దానికి పెన్న తెచ్చి పోసినా ఏం లాభం?"

అని, చిచ్చా ఒక్క నిమిషం ఆగాడు. చేతిలో చాకు అట్లే ఉంది. "అంటే మనోడికి..." అన్నాడు. నేను తల ఊపాను. "ఈ మందు తడి ఇచ్చే మందు చిచ్చా. ముడుచుకున్న ఆకుకు పనికొస్తాదేమోనని ఇంకా పరీక్షలు చేస్తా ఉన్నారు. ఎండిన కొమ్మకు చిగురు పెట్టిచ్చే మందు ఇంకా రాలేదు." చిచ్చా తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమటా, కన్నీళ్ళా నేను చూడలేదు.

అయినా నా మాట ఒక్కటే చాలదు కదా. నేను డాక్టర్‌ను కాను. తెలిసిన ఒక న్యూరో డాక్టర్ గారికి ఎమ్మారై ఫిలిములు చూపించాను. ఆయన నన్ను తిట్టలేదు, వీడియోను ఎగతాళి చేయలేదు. కూర్చోబెట్టి కొన్ని పరీక్షల సంగతి చెప్పారు. ఆ తర్వాత నేను వాటిని చదివి చూసుకున్నాను.

జపాన్‌లో సప్పోరో వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు వెన్నుపాముకు కొత్తగా దెబ్బతగిలిన 13 మందికి, వాళ్ళ మూలుగ కణాలనే పెంచి, నరం ద్వారా ఎక్కించారు. 12 మందికి ఎంతో కొంత మెరుగైంది. 2018 డిసెంబరులో జపాన్ ప్రభుత్వం దానికి షరతులతో అనుమతి ఇచ్చింది. వినడానికి ఎంత ఖుష్‌ఖబర్! కానీ ఆ 13 మందితో పోల్చడానికి మందు ఇవ్వని ఇంకో 13 మంది లేరు. దెబ్బ తగిలిన మొదటి నెలల్లో కొందరికి మందు లేకుండానే కొంత తిరిగి వస్తుంది. ఏది మందు పని, ఏది అల్లాహ్ శరీరంలోనే పెట్టిన మరమ్మతు అని ఎట్లా తేల్చేది? ఈ మాటే ప్రపంచంలోని సైంటిస్టులు చాలామంది అప్పుడు అడిగారు. ఇంకోటి, ఆ ఇలాజ్‌కు దెబ్బ తగిలిన 31 రోజుల లోపలే మూలుగ తీయాలి. జపాన్‌లో కూడా ఛోటూకు ఆ తలుపు మూసుకుపోయినట్టే.

మన దేశంలో జరిగిన పరీక్ష ఇంకా గట్టిది. ఢిల్లీ ఎయిమ్స్‌లో కామేశ్వర్ ప్రసాద్ గారి నాయకత్వంలో ఐదు ఆసుపత్రులు కలిసి, పక్షవాతం వచ్చిన 120 మందిని రెండు భాగాలు చేశారు. చీటీ తీసినట్టు, ఎవరి ఇష్టమూ లేకుండా. ఒక భాగానికి వాళ్ళ మూలుగ కణాలు ఎక్కించారు, ఇంకో భాగానికి లేదు. ఆరు నెలల తర్వాత ఎవరు సొంతంగా తింటున్నారు, లేస్తున్నారు, నడుస్తున్నారు అని చూశారు. ప్రమాదం జరగలేదు, కానీ రెండు భాగాలకూ తేడా లేదు. 2014లో అది అచ్చయింది. మీరే ఆలోచించండి. మూలుగ ఎక్కించుకొని బాగైన వాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళను మాత్రమే వీడియో తీసి మ్యూజిక్ పెడితే? ఎక్కించుకోకుండా అంతే బాగైన వాళ్ళను ఎవరూ వీడియో తీయరు.

ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకు కూడా ఇటువంటి మూలుగ కణాల మందును అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించారు. 2020లో అనుకున్న ఫలితం రాలేదు. అయినా రోగులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఆశ వదల్లేదు. 2023 సెప్టెంబరులో నిపుణుల కమిటీ ముందుకు అది వస్తే 17 మంది చాలదన్నారు, ఒక్కరు సరే అన్నారు. ఆ రోగుల ఆశ మా ఫూఫీ ఆశ లాంటిదే. ఆశకు ముల్క్ లేదు.

డాక్టర్ గారు చివరగా చెప్పింది ఇది. మన ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్తం జబ్బుల్లాంటి ఒప్పుకున్న వాటికి తప్ప, మిగతా దేనికి మూలకణాలు ఎక్కించినా అది ఇలాజ్ కాదు, పరిశోధన. రిజిస్టరైన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. అందులో రోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. "తొమ్మిది లక్షలు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు. ట్రయల్ కాదంటే అది ఏమిటో మీరే అనుకోండి" అన్నారు.

నేను ఆ క్లినిక్‌కు ఫోన్ చేశాను. నా నీయత్ తగాదా కాదు, తెలుసుకోవడం. మూడు సవాళ్ళు అడిగాను. మీ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరెంత? ఛోటూ మాదిరి ఏడాది దాటిన, పూర్తిగా స్పర్శ పోయిన వాళ్ళకు ఎంతమందికి చేశారు, ఎంతమందికి ఏమీ మారలేదు? ఎక్కించాక చెడు జరిగితే బాధ్యత ఎవరిది? మొదటి దానికి ఆ పిల్ల "మా డాక్టర్‌ది ఇరవై ఏళ్ళ అనుభవం సార్" అంది. రెండో దానికి "పాజిటివ్‌గా ఉండాలి సార్" అంది. మూడో దానికి ఈ నెలాఖరు లోపల కడితే డిస్కౌంట్ ఉందని చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు, జీతానికి చేసే పని. కానీ ఆ మూడో జవాబుతో నా ఫైసలా అయిపోయింది. ఎందుకంటే చెడు జరగదని లేదు. పక్షవాతం కోసం మూడు దేశాలు తిరిగి రకరకాల మూలకణాలు ఎక్కించుకున్న ఒక అమెరికా ఆయన వెన్నులో గడ్డ పెరిగిందని, ఆ గడ్డలోని కణాలు ఆయనవి కావని 2016లో డాక్టర్లు రాశారు.

దీన్ వైపు నుంచి కూడా ఒక సవాల్ వచ్చింది. మా బంధువు ఒకాయన "శరీరంలోని ఒక భాగం తీసి ఇంకో చోట పెట్టడం హరామ్, అందుకే వద్దను" అని సులభమైన దారి చూపించాడు. మా మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగాను. ఆయన అట్లా చెప్పడానికి ఒప్పుకోలేదు. మక్కాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2003 డిసెంబరులోనే దీని మీద కూర్చుందని, పెద్దవాళ్ళ నుంచి వాళ్ళ ఇజాజత్‌తో, వాళ్ళకు నష్టం లేకుండా మూలకణాలు తీసి ఇలాజ్‌కు వాడటం జాయెజ్ అని తేల్చిందని చెప్పారు. "జాయెజ్‌ను హరామ్ అని చెప్పి ఒక తల్లిని ఆపడం కూడా అబద్ధమే సారూ. ఆపాలంటే నిజం చెప్పి ఆపండి" అన్నారు. ఆ మాట నాకు కష్టంగా తోచింది, కానీ సరైనదనిపించింది.

జుమా అయ్యాక జమ్మలమడుగు పోయాను. చిచ్చా కూడా వచ్చాడు. ఫూఫీ చాయ్ పెట్టింది, బంగారం మూట పక్కనే పెట్టుకొని కూర్చుంది. నేను నిజం చెప్పాను. చెట్ల మాట చిచ్చానే చెప్పాడు. ఫూఫీ మొత్తం విని, నెమ్మదిగా అంది.

"నీ సొంత తమ్ముడయితే ఇట్లనే అంటావా?"

నేను మాట్లాడలేదు. ఏం మాట్లాడాలి? "అల్లాహ్ మందు లేని జబ్బు పంపలేదంటారు గదా, మరి నువ్వెవరు లేదనడానికి?" అని ఏడ్చింది. ఆ హదీస్ నాకూ తెలుసు. మందు ఉంటుందని అంటే ఈ రోజే, ఈ దుకాణంలోనే దొరుకుతుందని కాదు కదా అని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. ఏడ్చే తల్లితో బహస్ చేయడం ఇల్మ్ కాదు.

అప్పుడు లోపలి గదిలోంచి ఛోటూ పిలిచాడు. "అమ్మీ, నన్నెవురన్నా అడిగినారా?"

అందరం ఆగిపోయాం. నిజమే. ఎకరా గురించి చిచ్చాను అడిగాం, జేవర్ గురించి ఫూఫీని, ఫిలిముల గురించి డాక్టర్‌ను, ఫత్వా గురించి ఇమామ్ సాబ్‌ను అడిగాం. వెన్ను ఎవరిదో వాణ్ణి అడగలేదు.

ఛోటూ అన్నాడు. "భాయ్‌జాన్, నడిచేది అల్లాహ్ మర్జీ. నాకు ముందు ఒకటి కావాల. అమ్మీ నా ఉచ్చబట్టలు మార్చకూడదు. నాయంతట నేను బాత్‌రూముకు పోవాల. అది అయితాదా, దానికి ఎంతయితాది?"

ఆ సవాల్‌కు జవాబు ఉంది. ఏడాది పైన అందరం తప్పు సవాల్ అడుగుతూ వచ్చాం.

మన కడప జిల్లా వాళ్ళకు వేలూరు కొత్త కాదు. కిడ్నీ అన్నా, గుండె అన్నా సీఎంసీకే పోతాం. అక్కడ బాగాయంలో వెన్ను దెబ్బతిన్న వాళ్ళకు మళ్ళీ బతకడం నేర్పే కేంద్రం ఉంది. మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ పేరు మీద. ఆమె 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, కాళ్ళు పోగొట్టుకున్నట్టే అయిపోయింది. అయినా వీల్‌చైర్‌లో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో ఆ కేంద్రం తెరిచింది. మూలుగ కణాలు అనే మాట లోకానికి ఇంకా సరిగా తెలియని రోజుల్లో ఆమె ఈ పని మొదలుపెట్టింది.

ఛోటూను అక్కడికి తీసుకుపోయాం. అక్కడ కూడా ఎవరూ నడుస్తావని చెప్పలేదు. చేతుల బలంతో మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి ఎట్లా దూకాలో నేర్పారు. రోజుకు నాలుగైదు సార్లు తనే శుభ్రంగా గొట్టం పెట్టుకొని మూత్రం తీసుకోవడం నేర్పారు. పావుగంటకో, అరగంటకో ఒళ్ళు లేపి పిర్రల మీద బరువు తగ్గించడం, అద్దంలో వీపు చూసుకొని పుండు మొదలయిందా చూసుకోవడం నేర్పారు. కాళ్ళకు పట్టీలు కట్టి కడ్డీల మధ్య నిలబెట్టారు. వాడు నిలబడిన ఫోటో ఫూఫీకి పంపాడు. వీడియో కాదు, మ్యూజిక్ లేదు. మొత్తం ఖర్చు ఆ క్లినిక్ ఒక్క దఫాకు అడిగిన దానికన్నా తక్కువే అయింది. ఎకరా అమ్మలేదు.

ఇప్పుడు ఛోటూ జమ్మలమడుగులో ఇంటి ముందు గదిలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. వైరింగు చేతులు కదా, సన్న పని బాగా వచ్చింది. వికలాంగ సర్టిఫికెట్ తీసుకున్నాం. నడవలేక మంచానికి, వీల్‌చైర్‌కు పరిమితమైన వాళ్ళకు మన రాష్ట్రంలో 2024 నుంచి నెలకు 15,000 పింఛను వరకు ఉంది. మీ ఇంట్లో అట్లాంటి వాళ్ళుంటే సచివాలయంలో అడగండి, సిగ్గుపడకండి, అది ఖైరాత్ కాదు, హక్కు. మసీదు దగ్గర మెట్ల పక్కన సిమెంటు వాలు కట్టించారు. జుమాకు ఛోటూ ఎవరి భుజమూ పట్టుకోకుండా పోతాడు. వాడు పోయినాక మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు కూడా ఆ వాలు మీదే ఎక్కుతున్నారు.

అంతా బాగైపోయిందని చెప్పడం లేదు. రెండు సార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో వణికాడు. కొన్ని రాత్రులు వాడు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఉంటాడు. నేనూ ఉంటాను. కువైట్ అన్న ఇప్పటికీ కొత్త కొత్త వీడియోలు పంపుతాడు. కొన్నిసార్లు నాకే అనుమానం వస్తుంది, తొమ్మిది లక్షలూ పోతే పోయేవి, ఒకసారి చేయించి ఉంటే ఫూఫీ గుండెకు తసల్లీ ఉండేదేమోనని. అప్పుడు ఆ ఫోన్‌లోని మూడో జవాబు గుర్తుతెచ్చుకుంటాను.

మీకు నేను చెప్పేది ఇంతే. ఎవరైనా వెన్నుకు, మెదడుకు మూలుగ కణాలు ఎక్కిస్తామంటే ట్రయల్ నంబరు అడగండి. డబ్బు అడిగితే అనుమానపడండి. దెబ్బ తగిలి ఎన్నాళ్ళయింది, మీ మరీజ్ లాంటి వాళ్ళకు ఏం జరిగింది అని అడగండి. ఇంటికి సంబంధం లేని ఇంకో డాక్టర్‌కు ఫిలిములు చూపండి. అన్నిటికంటే ముందు మరీజ్‌ను అడగండి, నీకు ముందు ఏం కావాలి అని.

పోయిన బక్రీద్‌కు అందరం జమ్మలమడుగులోనే కలిశాం. ఫూఫీ నల్లీ తీసి ఛోటూ పళ్ళెంలో వేసింది. వాడు ఠక్కు ఠక్కుమని కొడుతుంటే నా వైపు చూసి అడిగింది. "ఆ మందు వచ్చిందా బేటా? నిజం మందు?" ఇంకా రాలేదు ఫూఫీ, చాలా చోట్ల పని చేస్తున్నారు అన్నాను. వచ్చిన రోజు నేనే తీసుకుపోతానన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ ఆరు తులాలు ఆమె అమ్మలేదు, వేసుకోవడమూ లేదు. అదే మూటలో కట్టి బీరువాలో పెట్టుకుంది, ఆ రోజుకని.

ఛోటూ కోసం, ఫూఫీ కోసం దువా చేయండి. ఖుదా హాఫిజ్.